బెంగళూరు బడిలో పిల్లల్ని వేశాక: ఐదో క్లాసు దాకా స్కూలు మన ఇంటినుంచి ఏం ఆశిస్తుంది

రాత్రి పదిన్నర దాటాక క్లాసు వాట్సాప్ గ్రూపులో "రేపు ఏ కలర్ డ్రెస్ అండీ?" అని అడిగే మనిషి ఒకరుంటారు చూడండి, అది నేనే. ఏడుగురు పసుపు అన్నారు, ముగ్గురు పచ్చ అన్నారు, ఒకాయన బొటనవేలు చూపించి ఊరుకున్నాడు. పచ్చ అన్నవాళ్లలో ఒకావిడ మన తెలుగావిడే, ఆవిడ ఉద్దేశం పసుపుపచ్చా ఆకుపచ్చా అని అడిగి ఉండాల్సింది, నిద్రమత్తులో అడగలేదు. పొద్దున మా పెద్దది పసుపు గౌనులో వెళ్లింది. గేటు దగ్గర చూస్తే తోటకూర మడిలాగా అందరూ ఆకుపచ్చే. ఆ సర్క్యులర్ సోమవారమే యాప్‌లో వచ్చి పడి ఉంది, నేను తెరవలేదు, అంతే.

మాది నరసరావుపేట దగ్గర. మారతహళ్లి పక్కన మున్నెకొళాలలో తొమ్మిదేళ్లనుంచి ఉంటున్నాం. పెద్దది మూడో క్లాసు, చిన్నాడు వచ్చే జూన్‌లో ఒకటికి వెళ్తాడు. ప్రతి ఏప్రిల్లోనూ మా అపార్ట్‌మెంట్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఎవరో ఒకరు లిఫ్ట్‌లో ఆపి అవే ప్రశ్నలు అడుగుతుంటారు. మనం చదువుకున్న బడి వేరు, ఇక్కడి బడి మననుంచి అడిగేవి వేరు, ఆ తేడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకని తెలిసినంత రాస్తున్నా.

ముందు సర్క్యులర్ సంగతి

ఈ ఊళ్లో చాలా స్కూళ్లు పిల్లల చేతికి కాగితం ఇవ్వడం మానేశాయి. యాప్‌లో వస్తుంది, లేకపోతే మెయిల్‌లో, కొన్నిచోట్ల డైరీలో అంటిస్తారు. మీ స్కూల్లో వీటిలో ఏది అసలుదో మొదటి వారంలోనే టీచర్ని అడిగి తేల్చుకోండి, ఎందుకంటే డైరీలో ఒకటి, యాప్‌లో ఒకటి ఉండే రోజు తప్పకుండా వస్తుంది. అమ్మా నాన్నా ఇద్దరి ఫోన్లలోనూ యాప్ వేసుకోండి గానీ రోజూ చూసే బాధ్యత మాత్రం ఒక్కరికే ఇవ్వండి. ఇద్దరిదీ అయితే "నువ్వు చూశావనుకున్నా" దగ్గర ఆగిపోతుంది. మా ఇంట్లో కుక్కర్ పెట్టాక, రెండో విజిల్ లోపల నేను చూస్తాను, ఏదైనా తేవాల్సింది ఉంటే అప్పుడే ఫ్రిజ్ మీద అంటిస్తాను. పాత న్యూస్‌పేపరు, ఐస్‌క్రీం పుల్లలు, గుప్పెడు పెసలు, ఖాళీ అగ్గిపెట్టె - ప్రైమరీలో అడిగేవి ఇలాంటివే, ఏవీ ఖరీదైనవి కావు, కానీ రాత్రి పదకొండింటికి ఏ షాపులోనూ దొరకవు. ఇప్పుడు పది నిమిషాల డెలివరీ యాప్‌లు వచ్చాయంటారా, అవి కూడా ఖాళీ అగ్గిపెట్టె తేలేవు.

స్కూలు తెరిచిన వారంలోనే ఏడాది క్యాలెండర్ ఇస్తారు. అది చదవకుండా దాచుకునేవాళ్లే ఎక్కువ, నేనూ రెండేళ్లు అలాగే చేశాను. అది తెరిచి మొదట చూడాల్సింది సంక్రాంతి. మనకి సంక్రాంతి అంటే భోగి, పండగ, కనుమ, ఆ మీద ఇంకో రెండు రోజులు. కర్ణాటకలో దానికి సెలవు ఒక్క రోజే, ఇక్కడ పెద్ద సెలవులు దసరాకి. ఈ చిన్న తేడా తెలియక ఎంతమంది టికెట్లు కొనుక్కున్నాక క్యాన్సిల్ చేసుకుని ఉంటారో. రైలు రిజర్వేషన్ 2024 నవంబర్ 1 నుంచి 120 రోజుల బదులు 60 రోజుల ముందే తెరుచుకుంటోంది కాబట్టి జనవరి 12న బయల్దేరాలంటే నవంబర్ 13 పొద్దున్నే కూర్చోవాలి, ఆలోపే స్కూలు క్యాలెండర్లో ఆ వారం పరీక్ష ఉందో, యాన్యువల్ డే ప్రాక్టీసు ఉందో చూసి పెట్టుకోవాలి. నాలుగు రోజులు ఎక్కువ ఉండదలిస్తే ముందుగానే లెటర్ రాయండి, ఉన్నమాటే రాయండి. నేను ఒకసారి జ్వరం అని రాశాను. తిరిగొచ్చిన రెండో రోజే మా పెద్దది షో అండ్ టెల్‌లో క్లాసు ముందు నిలబడి, తాతయ్య వాళ్ల ఊళ్లో పందెం కోడిని దగ్గరనుంచి చూశానని, దాని కాలికి కత్తి కట్టారని, పూసగుచ్చినట్టు చెప్పింది. టీచరు నన్ను ఏమీ అనలేదు, నవ్వింది. అనేస్తే బాగుండేది.

ఇక ఉన్నట్టుండి వచ్చే సెలవులు. వానకి గానీ బంద్‌కి గానీ సెలవు ప్రకటించేది జిల్లా డిప్యూటీ కమిషనర్, అంటే మన దగ్గర కలెక్టర్ లాగా. 2023 సెప్టెంబర్ 26న కావేరి నీళ్ల గొడవ మీద బెంగళూరు బంద్ రోజున, 2024 అక్టోబర్‌లో వానలు ముంచెత్తినప్పుడు ఇలాగే ఇచ్చారు. ఆ కబురు ఒక్కోసారి అర్ధరాత్రి దగ్గర్లో వస్తుంది, దానికంటే ముందే గ్రూపులో పోయినేడాది ఆర్డరు ఫోటో ఒకటి తిరుగుతుంది. తేదీ చూడండి, అక్షరాలు చిన్నగా ఉన్నా పెద్దవి చేసి మరీ చూడండి, ఆ తర్వాత స్కూలు యాప్‌లో వచ్చిందా అని చూడండి. యాప్‌లో లేకపోతే ఉదయం ఆరింటికి పిల్లల్ని లేపాల్సిందే.

2023 డిసెంబర్ 1 గుర్తున్నవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉంటారు. ఒకే ఉదయం 40కి పైగా స్కూళ్లకి బాంబు బెదిరింపు మెయిళ్లు వచ్చాయి, పోలీసులు వెతికితే ఎక్కడా ఏమీ దొరకలేదు, అన్నీ ఉత్తుత్తివే. కానీ ఆ రెండు గంటలు తల్లిదండ్రుల గుండె ఎక్కడుందో వాళ్లకే తెలుసు. రోడ్లనిండా అమ్మలూ నాన్నలూ, గేట్ల దగ్గర తోపులాట. అలాంటి రోజు మనం చేయగలిగింది ఒకటే - స్కూలు పంపిన మెసేజ్‌లో ఏ గేటు దగ్గరికి రమ్మన్నారో ఆ గేటుకే వెళ్లడం, పికప్ కార్డు చేతిలో పెట్టుకోవడం, తెలిసీ తెలియని ఫార్వర్డులు పక్కవాళ్లకి పంపకుండా ఉండడం. పికప్ కార్డు బండి డిక్కీలో కాదు, ఫోన్ కవర్లో పెట్టుకోండి.

వయసు, పేరు, కాగితాలు

కర్ణాటకలో ఒకటో క్లాసుకి జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండాలన్నది రూలు. 2025-26కి మాత్రం గొడవ పడగా పడగా 5 ఏళ్ల 5 నెలలకి సడలించారు, అది కూడా ఆ ఒక్క ఏడాదికే అని చెప్పి. ఆంధ్రలోనో హైదరాబాద్‌లోనో ఎల్‌కేజీ ముందే వేసేసి ఇక్కడికి వచ్చేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటున్నారు. "మావాడు చురుకైనవాడండీ, ఎక్కాలు అప్పజెప్తాడు" అని మనం ఎంత చెప్పినా ఆఫీసులో కంప్యూటర్ ఒప్పుకోదు. నన్నడిగితే ఒక ఏడాది ఆగినందువల్ల పోయేదేమీ లేదు. ఇంకో మాట, అడ్మిషన్‌కి పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టి వడపోయకూడదని, డొనేషన్ తీసుకోకూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చెప్తుంది. "ఊరికే మాట్లాడదాం రండి" అని పిలిచేవాళ్లు ఉంటారు, వెళ్లొచ్చు, కానీ దానికోసం మూడున్నరేళ్ల పిల్లకి ట్యూషన్ పెట్టించకండి.

పేరు దగ్గర మన తెలుగువాళ్లకి ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. మనకి ఇంటిపేరు ముందు. ఫారంలో ఫస్ట్ నేమ్ దగ్గర ఇంటిపేరు రాసేస్తాం, లేదా ఆధార్‌లో అలాగే ఉంటుంది, ఇక ఏడాదంతా టీచరు హాజరు పిలిచినప్పుడు పిల్ల పేరు బదులు మీ మామగారి ఇంటిపేరే వినిపిస్తుంది. మా పక్క ఫ్లాట్ పిల్లవాడు మొదటి నెల రోజులూ ఆ పేరు తనదని తెలియక పలకనే లేదు, స్కూలువాళ్లేమో చెవి డాక్టర్ దగ్గరికి పంపమన్నారు. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూలు ఫారం - మూడిట్లోనూ పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. తేడా ఉంటే ఒకటో క్లాసులోనే సరిచేయించుకోండి, తర్వాత ఇవే ఎస్సెస్సెల్సీ, అంటే ఇక్కడి పదో క్లాసు, సర్టిఫికెట్ దాకా పోతాయి. వేరే రాష్ట్రంనుంచి వస్తుంటే టీసీతో పాటు పాత స్కూల్లో పెన్ నంబరు అడిగి రాయించుకోండి, అది దేశమంతా పిల్లకి ఒకటే ఉండే చదువు నంబరు. ఇక్కడ చేరాక శాట్స్ అని కర్ణాటక వాళ్ల నంబరు ఒకటి ఇస్తారు. టీకాల కార్డు జిరాక్స్ కూడా అడుగుతారు, అందులో ఐదు-ఆరేళ్ల మధ్య వేయాల్సిన డీపీటీ బూస్టర్ చాలామంది మర్చిపోయి ఉంటారు.

ఎమర్జెన్సీ నంబర్ల దగ్గర మాత్రం కాస్త ఆలోచించండి. మేం మొదటి ఏడాది ఇద్దరి నంబర్లూ రాశాం. మా ఆయన ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో, నాది హెబ్బాళ్ దగ్గర. సాయంత్రం నాలుగింటికి పిల్లకి వాంతులని ఫోన్ వస్తే ఇద్దరిలో ఎవరు బయల్దేరినా సిల్క్ బోర్డో ఔటర్ రింగ్ రోడ్డో దాటేసరికి గంటన్నర. ఇప్పుడు మూడో నంబరు కింద ఫ్లోర్లో ఉండే కన్నడ ఆవిడది. ఆవిడని ముందు అడిగి, ఆవిడ ఫోటో, ఆధార్ జిరాక్స్ స్కూల్లో ఇచ్చాం. పావుగంటలో వెళ్లగలిగే మనిషి నంబరు లేకపోతే ఆ గడి నింపి ఉపయోగం లేదు.

అన్నం తనే తినాలి

ఒకటో క్లాసు టీచరు మొదటి మీటింగులో ఎక్కాల గురించి, స్పెల్లింగుల గురించి చెప్తుందని నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ మాట్లాడింది ప్యాంటు జిప్పు గురించి, బాత్రూంకి వెళ్లాక తనే కడుక్కోవడం గురించి, డబ్బా మూత తీసుకోవడం గురించి, ముక్కు తుడుచుకోవడం గురించి. ముప్ఫై మంది పిల్లల్లో ఒక్కొక్కరికి మూత తీయడానికే టీచరుకి ఇరవై నిమిషాల లంచ్ టైము అయిపోతుంది మరి.

మన ఇళ్లలో పిల్లకి ఆరేళ్లొచ్చినా ముద్దలు కలిపి నోట్లో పెడతాం, టీవీ చూపిస్తూ, చందమామ రావే దగ్గరనుంచి ఇప్పుడు యూట్యూబ్ దాకా. ప్రేమే, కాదనను. మా అత్తయ్య అయితే ఎనిమిదేళ్ల పిల్లకి ఇప్పటికీ పెడుతుంది, నేను చూడనట్టు వంటింట్లోకి వెళ్లిపోతాను. కానీ బడి తెరవడానికి రెండు నెలల ముందు, ఏప్రిల్ మే సెలవుల్లో, రోజుకి ఒక పూటైనా స్కూలుకి తీసుకెళ్లే ఆ డబ్బాలోనే పెట్టి, కింద చాప మీద కూర్చోబెట్టి, మీరు తినిపించకుండా, గడియారం పెట్టి తననే తిననివ్వండి. మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బా అందంగా ఉంటుంది గానీ ఆరేళ్ల వేళ్లకి రాదు. షాపులోనే పిల్ల చేత తీయించి చూసి కొనండి. షూ లేసులు మూడో క్లాసు దాకా వద్దు, అంటుకునే పట్టీ ఉన్నవి కొనండి. నీళ్ల సీసా కూడా మూత తిప్పేదే కొనండి, బటన్ నొక్కితే ఎగిరే స్ట్రా ఉన్నది వద్దు, ఆ స్ట్రా బూజు పడుతుంది, బ్యాగులో కారి కన్నడ పుస్తకం తడుస్తుంది, ఎప్పుడూ కన్నడ పుస్తకమే ఎందుకు తడుస్తుందో నాకు తెలీదు.

డబ్బాలో ఏం పెట్టాలి అంటే, స్కూలు ఇచ్చిన మెనూ ఒకటి ఉంటుంది, కొన్నిచోట్ల గుడ్డు, మాంసం వద్దంటారు, అది ముందే అడగండి. చిప్స్, కేకులు ఎలాగూ వద్దంటారు. పప్పన్నం నెయ్యి గట్టిగా కలిపి చిన్న ఉండలు చేసి పెడితే చెంచా లేకుండా తింటారు. పులిహోర బ్రహ్మాండం, పక్కపిల్లలు అడిగి మరీ తింటారు, వాళ్లు దాన్ని పుళియోగరె అంటారు, రుచి వేరు కానీ చుట్టరికం ఉంది. ఆవకాయ అన్నం మాత్రం పెట్టకండి. పిల్లకి ఇష్టమే, కానీ ఆ నూనె తెల్ల చొక్కా మీద పడితే ఏ సబ్బుకీ పోదు. వేరుశెనగ పెట్టేముందు క్లాసులో ఎవరికైనా పడదేమో టీచర్ని ఒక మాట అడగండి. గవర్నమెంటు బడిలో అయితే ఈ గొడవే లేదు, మధ్యాహ్నం బిసియూట అని వేడి భోజనం వాళ్లే పెడతారు, 2013 నుంచి క్షీరభాగ్య అని పాలు కూడా ఇస్తున్నారు.

హోంవర్క్, బ్యాగు బరువు

మనలో చాలామంది కార్పొరేట్ కాలేజీల మెటీరియల్ తిని పెరిగినవాళ్లం. అందుకే పిల్ల ఖాళీ నోట్‌బుక్‌తో ఇంటికొస్తే "ఈ స్కూల్లో ఏం చెప్తున్నారసలు" అని కంగారు. 2020లో కేంద్రం ఇచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ఒకటో, రెండో క్లాసు పిల్లలకి హోంవర్కే ఇవ్వొద్దంటుంది, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించకూడదంటుంది. రోజుకి కాదు, వారానికి. బ్యాగు బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు. కర్ణాటక 2019లోనే అంకెలతో సహా చెప్పింది: ఒకటి రెండు క్లాసులకి 1.5 నుంచి 2 కిలోలు, మూడు నుంచి ఐదు దాకా 2 నుంచి 3 కిలోలు, నెలలో మూడో శనివారం బ్యాగు లేని రోజు. అన్ని స్కూళ్లూ పాటిస్తున్నాయా అంటే మీకూ తెలుసు నాకూ తెలుసు. ఒకసారి తూకం వేయండి, పిల్లని ఎత్తుకుని కాదు, బ్యాగుని కూరగాయల కాటాకి తగిలించి. మా పెద్దదాని బ్యాగు 4 కిలోల 200 గ్రాములు తేలింది. టీచర్ మీద యుద్ధానికి సిద్ధమై బ్యాగు బోర్లిస్తే అందులో రెండు కథల పుస్తకాలు, లీటరు సీసా నిండా నీళ్లు, పోయిన నెల నోట్‌బుక్, ఒక సంచి గులకరాళ్లు ఉన్నాయి. గులకరాళ్లు స్నేహితురాలికట. ఆదివారం సాయంత్రం బ్యాగు ఖాళీ చేయడం అప్పటినుంచి మాకు అలవాటైంది.

మరి ఇంట్లో ఏం చేయించాలి? రాత్రి పడుకునే ముందు పావుగంట చదివి వినిపించండి, ఏ భాషైనా పర్లేదు. కూరగాయల మార్కెట్‌కి తీసుకెళ్లి చిల్లర లెక్క తననే చూడనివ్వండి. ప్రాజెక్టు ఇస్తే పిల్లనే చేయనివ్వండి, దయచేసి. మీరు థర్మోకోల్‌తో కట్టిన సౌర కుటుంబం ఎవరు చేశారో టీచరుకి ఒక్క చూపులో తెలిసిపోతుంది.

కన్నడ

అందరికీ టెన్షన్ ఇక్కడే. కర్ణాటకలోని స్కూళ్లన్నీ ఒకటో క్లాసునుంచి కన్నడ నేర్పాలని 2015లో ఇక్కడ చట్టం చేశారు. మీ స్కూల్లో అది రెండో భాషా మూడో భాషా, మార్కులు కలుపుతారా లేదా అన్నది అడ్మిషన్ రోజే అడగండి. కానీ నిజం చెప్తున్నా, హిందీ ఇంటి పిల్లలకంటే, బెంగాలీ పిల్లలకంటే మన పిల్లలకి ఇది సగం వచ్చినట్టే, మనకే ఆ సంగతి తెలియక ట్యూషన్‌కి పరిగెడతాం.

ఒక్క కిటుకు చెప్తాను. మన మాటల్లో మొదట "ప" ఉంటే కన్నడలో చాలాచోట్ల "హ" అవుతుంది. పాలు హాలు, పులి హులి, పాము హావు, పంది హంది, పువ్వు హూవు, పొగ హొగె, పది హత్తు. పేను కూడా హేను. ఇంకోటి, మన "చ"కి వాళ్ల "క": చెవి కివి, చెరువు కెరె, చెయ్యి కై. ఈ రెండూ ఆటలాగా నేర్పితే పిల్లలు వాళ్లే కొత్తవి పట్టుకుంటారు. మా చిన్నాడు ఆ ఊపులో పప్పుని హప్పు అన్నాడు, అదేం కాదులే నాన్నా, అది ఇక్కడా బేళె అని చెప్పాల్సొచ్చింది. గుణింతాన్ని వాళ్లు కాగుణిత అంటారు, మన వత్తులు వాళ్లకి ఒత్తక్షర. అక్షరాలు అక్కచెల్లెళ్లలా ఉంటాయి, తేడా ఎక్కువగా తలకట్టులో - మనది టిక్కు మార్కులా పైకి లేస్తుంది, వాళ్లది అడ్డంగా సాగి చివర వంపు తిరుగుతుంది. తెలుగు చదవడం వచ్చిన పెద్దవాళ్లకి కన్నడ చదవడం రెండు మూడు వారాల పని. నేను బస్సు బోర్డులు చూసే నేర్చుకున్నాను, బీఎంటీసీ బస్సు మీద పేరు కన్నడలో చదివి, పక్కన ఇంగ్లీషులో సరిచూసుకుంటూ. ట్రాఫిక్‌లో చేసేదేముంది గనక.

ఒక జాగ్రత్త. కన్నడ రాయడం కుదురుకునేదాకా తెలుగు రాయడం మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అనుభవం. మా పెద్దదానికి రెండూ ఒకేసారి పెడితే ఒకే మాటలో సగం అక్షరాలు అటూ సగం ఇటూ రాసింది. తెలుగు మాట మాత్రం ఇంట్లో తగ్గించొద్దు, "స్కూల్లో వెనకబడుతుంది, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అని ఎవరన్నా సరే. రెండో క్లాసు అయ్యాక ఒక వేసవిలో అమ్మమ్మ దగ్గర పలక పెట్టి కూర్చోబెట్టాం, నెలన్నరలో ఉత్తరం రాసేంత వచ్చేసింది.

పెద్దవాళ్లకి ఒక మాట: స్కూలు ఆయమ్మ పొద్దున్నే "తిండి ఆయ్తా?" అంటే నొచ్చుకోకండి. మనకి తిండి అంటే కాస్త మోటుగా వినిపిస్తుంది, వాళ్లకది టిఫిన్. అయింది అని నవ్వి, మీరు కూడా "నిమ్దు?" అని అడగండి.

నవంబర్ 1న కన్నడ రాజ్యోత్సవం, పిల్లలు ఎరుపు పసుపు వేసుకుని వెళ్తారు, నాడగీతె, అంటే వాళ్ల రాష్ట్రగీతం, పాడతారు. 1956లో ఇదే రోజున ఆంధ్రప్రదేశ్ కూడా ఏర్పడిందని మా పెద్దది క్లాసులో చెప్తే కన్నడ మిస్ దాన్ని బోర్డు మీద రాయించిందట. ఆ వారం కన్నడలో రెండు ముక్కలు మాట్లాడించే పోటీ ఉంటుంది, నీళ్లబాటిల్ గురించైనా సరే పేరివ్వండి.

ఒంట్లో బాగాలేనప్పుడు

జ్వరం తగ్గి, మందు వేయకుండా ఒక రోజంతా గడిచాకే పంపండి. పొద్దున సిరప్ పోసి పంపితే పదకొండింటికి ఫోన్ వస్తుంది, ఈలోపు బెంచీ అంతటికీ అంటుతుంది. చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులు వచ్చే జబ్బు ఈ ఊరి ప్రైమరీ స్కూళ్లలో తరచూ వస్తుంటుంది, జ్వరం పోయి పొక్కులు ఎండేదాకా, దాదాపు వారం పది రోజులు ఇంట్లోనే. ఆటలమ్మ అయితే చివరి పొక్కు చెక్కుకట్టేదాకా. కళ్లకలక, పేలు, ఏదైనా టీచరుకి చెప్పండి. పేలు అని చెప్పడానికి నామోషీ పడి మా క్లాసులో ఒక టర్మంతా అందరి తలలూ గోక్కున్నాం.

టీచరుతో మాట్లాడటం

పేరెంట్స్ మీటింగులో మనకిచ్చేది పది నిమిషాలు. అందులో ఎనిమిది నిమిషాలు "అర మార్కు ఎక్కడ పోయింది" మీద పోగొట్టుకోకండి. ఈ క్లాసుల్లో ర్యాంకులు లేవు, గ్రేడులు ఉంటాయి, అవి చూడటానికి కాగితం చాలు. కాగితంలో లేనివి అడగండి: ఎవరి పక్కన కూర్చుంటుంది, ఆటల పీరియడ్‌లో ఎవరితో ఉంటుంది, తెలియనప్పుడు చెయ్యెత్తి అడుగుతుందా, డబ్బా ఖాళీ చేస్తుందా, బోర్డు కనిపిస్తుందా. మా పెద్దదానికి కళ్లద్దాలు కావాలన్న సంగతి ఈ చివరి ప్రశ్న వల్లే బయటపడింది.

ఇంకోటి, మన నోట అలవాటుగా వచ్చేసే మాట: "మాట వినకపోతే రెండు తగిలించండి మ్యామ్, మేమేం అనుకోం." అనకండి. సరదాకి కూడా వద్దు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద పిల్లల్ని కొట్టడమే కాదు, మాటలతో హింసించడం కూడా నిషేధమే. ఆ మాట పిల్ల ముందు అంటే, రేపు నిజంగా ఎవరైనా చెయ్యి చేసుకున్నా అమ్మకి చెప్పుకునే దారి మూసేసినట్టే.

ఫిర్యాదు ఉంటే ఎలా? నేను తప్పు చేసి నేర్చుకున్నాను కాబట్టి చెప్తున్నా. ఒకసారి వేరే టీచరెవరో వచ్చినరోజు పుస్తకం తేలేదని పిల్లని పీరియడంతా బయట నిలబెట్టారు. నాకు ఒళ్లు మండి నేరుగా క్లాసు గ్రూపులో పెట్టేశాను. సాయంత్రానికి అరవై మెసేజ్‌లు, అసలు విషయం ఎక్కడో కొట్టుకుపోయింది, ఫీజులు, బస్సు ఏసీ, క్యాంటీన్, అందరి గోడూ అందులో పడింది, మర్నాడు మా పిల్లని మిగతా పిల్లలు "మీ అమ్మ గొడవ చేసిందంట కదా" అన్నారు. అదే రోజు చల్లబడ్డాక, ఏ రోజు, ఏ పీరియడు, ఏం జరిగింది అని ఐదు లైన్లు కోఆర్డినేటర్‌కి మెయిల్ పెడితే రెండు రోజుల్లో పిలిచి మాట్లాడారు, ఆ టీచరు పిల్లకి సారీ చెప్పింది. కాబట్టి వరస ఇది: క్లాస్ టీచరు, కోఆర్డినేటర్, ప్రిన్సిపాల్, అక్కడా తేలకపోతే ఆ బ్లాకు విద్యాధికారి, అదే బీఈఓ. పిల్ల భద్రత విషయం అయితే మాత్రం వరసా వావీ చూడొద్దు, 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

గవర్నమెంటు, ఎయిడెడ్ బడుల్లో తల్లిదండ్రులతో కమిటీ ఉంటుంది, ఇక్కడ దాన్ని ఎస్‌డీఎంసీ అంటారు. బయటి రాష్ట్రం వాళ్లం మనకెందుకు అనుకోకండి, పిల్ల అక్కడ చదువుతుంటే మీరూ కూర్చోవచ్చు.

గ్రూపులో మన తీరు

గ్రూపులో తమిళులు, హిందీవాళ్లు, కన్నడిగులు అందరూ ఉంటారు. మనకి ఇద్దరు తెలుగువాళ్లు కనిపిస్తే చాలు, పండగ వంటకాల దాకా తెలుగులో వెళ్లిపోతాం. వేరే గ్రూపు పెట్టుకోండి, తప్పులేదు, కానీ స్కూలు కబురు అందులోనే ఉంచేసి కన్నడావిడకి తెలియకుండా చేయకండి. ఇతరుల పిల్లల ఫోటోలు అడగకుండా పెట్టొద్దు. పుట్టినరోజుకి క్లాసులో సగం మందిని పిలుస్తుంటే ఆ ఆహ్వానం గ్రూపులో వేయొద్దు, పిలవని సగం మంది పిల్లలు ఇంట్లో ఏడుస్తారు.

బండి మీద దింపేవాళ్లకి: నాలుగేళ్లు దాటిన పిల్లలకి కూడా హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. పిల్లల సైజువి దొరుకుతాయి, మీ పాతది బోర్లించకండి.

చివరగా, మధ్యలో ఊరు మారేవాళ్లకి. హైదరాబాద్‌కో అమరావతికో బదిలీ అయితే స్కూలుకి ఎన్ని నెలల ముందు చెప్పాలో అడ్మిషన్ ఫారం వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది, అది దాటితే కాషన్ డిపాజిట్ వెనక్కి రాదు. టీసీ, మార్కుల షీటు, శాట్స్ నంబరు, పెన్ నంబరు ఒకేసారి అడగండి, లైబ్రరీ పుస్తకాలు అప్పజెప్పినట్టు కాగితం తీసుకోండి, పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లు పన్ను మినహాయింపు కోసం ట్యూషన్ ఫీజు రసీదులు కూడా. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కేవలం ఆ రసీదుల కోసం విశాఖనుంచి రైలెక్కి వచ్చాడు.